లండన్‌లో 60 వేల పౌండ్ల జీతం… ముగ్గురికి చాలుతుందా?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కటింగులన్నీ పోగా నెలకు 1,40,000 రూపాయలు చేతికొస్తాయి. నా భార్య ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తోంది, ఆమెకు 55,000. ఊళ్లో అమ్మానాన్నలకు పంపే 15,000తో కలిపి నెల ఖర్చు 80,000 అవుతుంది. ఫ్లాట్ ఈఎంఐ 45,000. ఇప్పుడు లండన్‌లో ఒక కంపెనీ ఏడాదికి 60,000 పౌండ్ల జీతంతో ఆఫర్ ఇచ్చింది. స్కిల్డ్ వర్కర్ వీసా మూడేళ్లకు ఇప్పిస్తారు, జూన్‌లో చేరాలి. పాపకు ఈ జులైలో నాలుగేళ్లు నిండుతాయి. మా బావగారేమో ‘దాదాపు 70 లక్షలు, ఇంకా ఆలోచిస్తావేంటి’ అంటున్నారు. అక్కడే ఉంటున్న నా క్లాస్‌మేట్ ‘ఫ్యామిలీతో అయితే రావద్దు’ అంటున్నాడు. నెలకు రెండు లక్షలు మిగుల్చుకుని, అయిదేళ్లలో ఫ్లాట్ లోన్ తీర్చేసి వెనక్కి వచ్చేయాలని నా ప్లాన్. ఈ జీతం చాలుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం:

బతకడానికి చాలుతుంది. మీ ప్లాన్‌కు చాలదు. మీ ఒక్కరి జీతం మీద ముగ్గురూ లండన్‌లో ఉండి నెలకు రెండు లక్షలు వెనకేయడం కుదిరే పని కాదు. అలాగని ఆఫర్ వదులుకోమనడం లేదు. లెక్క చూశాక ఎలా వెళ్లాలో, ఎప్పుడు ఎవరు వెళ్లాలో మీకే తెలుస్తుంది.

ముందు బావగారి 70 లక్షల సంగతి. పౌండ్లలో వచ్చి పౌండ్లలోనే ఖర్చయ్యే డబ్బును రూపాయల్లోకి మార్చి చూసుకోవడం వల్ల ఉత్సాహం తప్ప ఏమీ రాదు. అక్కడ అన్ని ఖర్చులూ పోయాక మిగిలిందేదైనా ఉంటే దాన్నే మార్చండి. పోల్చాల్సింది కూడా మీ జీతంతో మీ జీతాన్ని కాదు. ఇక్కడ మీ ఇంటికి నెలాఖరున మిగిలేది ఎంత, అక్కడ మీ ఇంటికి మిగిలేది ఎంత? మీరు రాసిన అంకెల ప్రకారం ఇద్దరి జీతం 1,95,000. ఖర్చులు, ఈఎంఐ పోగా 70,000 మిగులుతోంది. ఈ 70,000ను గుర్తుపెట్టుకోండి. లండన్ దీన్ని దాటాలి.

60,000 పౌండ్లంటే నెలకు 5,000. అందులో చేతికి ఎంతొస్తుంది? బ్రిటన్‌లో మొదటి 12,570 పౌండ్లకు పన్ను లేదు. అక్కడి నుంచి 50,270 వరకు 20 శాతం, ఆ పైన 40 శాతం. దీనికి తోడు నేషనల్ ఇన్సూరెన్స్ అని ఇంకో కోత ఉంటుంది. అది 12,570 దాటాక 50,270 వరకు 8 శాతం, ఆ పైన 2 శాతం. కంపెనీ పెన్షన్‌లో కూడా మిమ్మల్ని వాళ్లే చేర్చేస్తారు. కనీస వాటా అయితే, జీతం మొత్తం మీద కాకుండా అందులో కొంత భాగం మీద, మీ వైపు నుంచి 5 శాతం, వాళ్ల వైపు నుంచి 3 శాతం. అన్నీ పోగా మీకు నెలకు సుమారు 3,670 పౌండ్లు వస్తాయి. పెన్షన్ వద్దని రాసిచ్చి బయటికి రావచ్చు, అప్పుడు 3,780 వస్తాయి. ఆ 110 కోసం చాలామంది మానేస్తుంటారు. నాకది తెలివైన పనిగా అనిపించదు, ఎందుకంటే కంపెనీ వాటా కూడా పోతుంది. కాకపోతే ఆ డబ్బు 2028 నుంచి 57 ఏళ్లు నిండితే గానీ చేతికి రాదు. అయిదేళ్లలో వెనక్కి వచ్చేయాలనుకునేవాళ్లు ఇది తెలిసే నిర్ణయించుకోవాలి. ఇంకో మాట. అక్కడ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది. మీరు జూన్‌లో చేరితే, వాడుకోని రెండు నెలల పన్ను మినహాయింపు మొదటి జీతంలో కలిసి వచ్చే అవకాశముంది. ఆ పేస్లిప్ చూసి ప్రతినెలా అంతే వస్తుందనుకుని అద్దె ఒప్పుకోకండి.

ఇప్పుడు అద్దె. లండన్‌లో జీతం చాలడం, చాలకపోవడం ముప్పాతిక వంతు ఇక్కడే తేలిపోతుంది. బ్రిటన్ గణాంకాల శాఖ ఓఎన్‌ఎస్ లెక్కల్లో లండన్ సగటు అద్దె 2025లో నెలకు 2,200 పౌండ్లు దాటింది. అది సగటు కాబట్టి మీరు భయపడక్కర్లేదు. అక్కడి ఏజెంట్లకు ఒక లెక్క ఉంటుంది: ఏడాది జీతం నెల అద్దెకు 30 రెట్లు ఉండాలి. మీ జీతానికి 2,000 పౌండ్ల ఇల్లు వరకు ‘ఓకే’ అంటారు. వాళ్లు ఓకే అన్నారని మీరూ అనకండి. ఏజెంటు చూసేది అద్దె కట్టగలరా లేదా అన్నదే. మీ ఈఎంఐ, మీ అమ్మానాన్నల మందులు అతని లెక్కలో ఉండవు. నా లెక్కలో మీ హద్దు 1,600. ఈస్ట్ హామ్, ఇల్‌ఫర్డ్, హౌన్స్‌లో, క్రాయిడన్ లాంటి చోట్ల ఆ డబ్బుకు ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్ దొరుకుతుంది. అదృష్టం బాగుంటే చిన్న రెండు బెడ్‌రూమ్‌లదీ దొరకవచ్చు. ఇక్కడ సొంత ఫ్లాట్‌లో ఉండి అక్కడ హాల్లో పాప మంచం వేసుకోవడం మొదట్లో కష్టంగానే ఉంటుంది. అది మీ ఇద్దరూ ముందే మాట్లాడుకోవాల్సిన విషయం.

అద్దెకు సంబంధించి అక్కడి చట్టం అద్దెకుండేవాళ్ల వైపే ఉంటుంది, తెలుసుకుని వెళ్లండి. డిపాజిట్ అయిదు వారాల అద్దెకు మించకూడదు. 1,600 ఇంటికి అది దాదాపు 1,850 పౌండ్లు. ఏజెంటు ఫీజని మీ దగ్గర వసూలు చేయడం 2019 జూన్ నుంచి నిషేధం. కొత్తగా వచ్చినవాళ్లకు అక్కడ క్రెడిట్ చరిత్ర ఉండదు కాబట్టి ఇదివరకు ఆరు నెలల అద్దె ఒకేసారి ఇచ్చి ఇల్లు తీసుకునేవారు. 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో ఒక నెలకు మించి అడ్వాన్స్ అడగకూడదు. చేతిలో అంత డబ్బు లేనివాళ్లకు ఇది మేలే. కానీ డబ్బు చూపించి ఇల్లు సంపాదించే దారి మూసుకుపోయినట్టే. ఇక గ్యారంటర్ కావాలంటారు, లేదా కంపెనీ లెటర్, కొన్ని నెలల పేస్లిప్‌లు అడుగుతారు. మీరు జూన్‌లో దిగితే మీ దగ్గర అవేమీ ఉండవు. ఈ సంగతి చివర్లో మళ్లీ అవసరపడుతుంది.

మిగతా ఖర్చులు త్వరగా చెప్పేస్తాను. కౌన్సిల్ (అక్కడి స్థానిక సంస్థ) వేసే కౌన్సిల్ ట్యాక్స్ నెలకు 150 వేసుకోండి. ఇది ఇంటి యజమాని కట్టే పన్ను కాదు, ఇంట్లో ఉండేవాళ్లే కట్టాలి. అద్దె ప్రకటనలో ఇది కనిపించదు. ఏ బరోలో (ఒక్కో కౌన్సిల్ కిందికి వచ్చే ప్రాంతం) ఉంటున్నారన్న దాన్ని బట్టి చాలా మారుతుంది. ఒకే బ్యాండ్ (పన్ను స్థాయి) ఇంటికి వాండ్స్‌వర్త్‌లో కట్టేదానికి క్రాయిడన్‌లో రెట్టింపు పైనే కట్టాలి. ఆ బ్యాండ్లు కూడా 1991 నాటి ఇళ్ల ధరలను బట్టి వేసినవి, ఇప్పటికీ అవే నడుస్తున్నాయి! గ్యాస్, కరెంటు, నీళ్లు కలిపి 170. ఇంటర్నెట్, ఫోన్లు 50. మీ ఆఫీసు ప్రయాణం, వారాంతాల్లో తిరగడం 200 (పాపకు బస్సు, ట్యూబ్ రైలు ఉచితం). ఇంట్లో వండుకుంటే సరుకులకు 420. బట్టలు, చిన్నాచితకా, ఎప్పుడైనా బయట తినడం 150. అద్దెతో కలిపి 2,740 పౌండ్లు. ఇవి పొదుపుగా ఉండే ఇంటికి నేను వేసిన అంచనాలు, పది శాతం అటూ ఇటూ అవుతాయి. మీ 3,670లో 930 మిగిలాయి. ‘బాగానే ఉందే, లక్ష పైనే కదా’ అనిపిస్తుంది. ఆగండి.

ఈఎంఐ 45,000, అమ్మానాన్నలకు 15,000 మీరు ఎక్కడున్నా పంపాల్సిందే. ఈ 60,000కు సుమారు 520 పౌండ్లు. మిగిలింది 410. ఏడాదికోసారి ముగ్గురూ ఇంటికి వచ్చి వెళ్లడానికి 2,000 అనుకుంటే నెలకు 170. మిగిలింది 240.

ఇంకో ఖర్చుంది. నెలనెలా కనిపించదు కాబట్టి దీన్ని ఎవరూ జీతంతో ముడిపెట్టి చూడరు. అదే వీసా. వీసా ఫీజు ఒక్కొక్కరికి 750 పౌండ్ల పైచిలుకు, అది సరే. దాని పక్కన ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జి ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035, పిల్లలకు 776. మీ ముగ్గురికీ ఏడాదికి 2,846 పౌండ్లు. మూడేళ్ల వీసాకు మూడేళ్లదీ ముందే కట్టాలి, అంటే 8,538. మీరింకా విమానం ఎక్కకముందే పది లక్షల రూపాయలకు దగ్గరగా అయిపోతుంది. దీనికి బదులుగా అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో వైద్యం దొరుకుతుంది కాబట్టి డబ్బు వృథా అనను. కానీ అయిదేళ్లు ఉండాలన్న మీ ప్లాన్‌లో మూడేళ్లయ్యాక మళ్లీ ఫీజు, మళ్లీ సర్‌చార్జి తప్పవు. అయిదేళ్లకూ సర్దితే నెలకు 300 పౌండ్ల పైనే పడుతుంది. 240లోంచి 300 తీసేయండి. నెలకు 60 పౌండ్లు లోటు!

ఫ్లాట్ అద్దెకిస్తే కొంత పూడుతుంది. 28,000 అద్దె వస్తుందనుకుందాం. మీరు ఎన్‌ఆర్‌ఐ అయ్యాక అద్దెకున్నవాళ్లు మీకిచ్చే డబ్బులో 31.2 శాతం టీడీఎస్ పట్టి ఇవ్వాలి. ఆ తర్వాత మీరు రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. నెలనెలా చేతికొచ్చేది మాత్రం 19,000 పైన, అంటే 165 పౌండ్లు. లోటు పోయి వంద పౌండ్లు మిగులుతాయి. రూపాయల్లో పన్నెండు వేలు. ఇక్కడ మిగిలేది 70,000.

మీ క్లాస్‌మేట్ ‘ఫ్యామిలీతో రావద్దు’ అన్నది ఈ అనుభవంతోనే అయి ఉండాలి. మరి నెలకు రెండు లక్షలు మిగులుతాయని మీకెవరు చెప్పారో గానీ, అది ఒంటరిగా ఉండేవాళ్ల లెక్క. కావాలంటే చూడండి. నలుగురు కలిసుండే ఇంట్లో బిల్లులతో సహా ఒక గది 850, తిండి 200, ప్రయాణం 200, ఫోన్, చిల్లర ఖర్చులు 165. మొత్తం 1,415. మీ భార్య జీతం ఇక్కడ వస్తూనే ఉంటుంది కాబట్టి మీరు పంపాల్సింది 70,000 రూపాయలు, దాదాపు 610 పౌండ్లు. ఒక్కరి వీసా, ఒక్కరి టికెట్టుకు నెలకు 160 పక్కన పెట్టినా 1,485 మిగులుతాయి. లక్షా డెబ్బై వేలు. అవే 60,000 పౌండ్లు, అదే ఊరు. ‘ఆ జీతం చాలుతుందా’ అని పది మందిని అడిగితే పది జవాబులు రావడం అందుకే. చెప్పేవాళ్లకు పిల్లలున్నారా, ఇద్దరూ సంపాదిస్తున్నారా, ఎప్పుడు వెళ్లారు అన్నది ముందు కనుక్కోవాలి.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. మీ ఉత్తరంలో మీ భార్య జీతం ఉంది, ఆమె అభిప్రాయం లేదు. ఆమె ఉద్యోగం మానేస్తారని మీరు అనుకుంటున్నారో, ఆమే అన్నారో తెలియదు. మీ బావగారు చెప్పిన 70 లక్షల లెక్కలో ఆమె వదులుకునే 55,000 ఎక్కడా తీసివేతగా కనిపించలేదు. లండన్‌లో మీ ఇంటి లెక్కను మార్చగలిగేది మాత్రం ఆమె సంపాదనే.

ఎందుకంటే అక్కడ భార్యాభర్తల పన్ను ఎవరిది వారిదే. డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్లు దాదాపు ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. ఆమె ఏడాదికి 25,000 పౌండ్ల ఉద్యోగంలో చేరారనుకోండి. చట్టం నిర్ణయించిన కనీస వేతనంతో ఫుల్‌టైమ్ చేస్తే వచ్చేది దాదాపు అంతే. అందులో సగానికి పన్నే లేదు. పెన్షన్ కూడా పోగా నెలకు 1,730 చేతికొస్తుంది. అదే 1,730 మీ జీతం పెరిగి రావాలంటే? మీరు ఇప్పటికే 40 శాతం పన్ను పరిధిలో ఉన్నారు. ఇంక్రిమెంటులో ప్రతి 100కు 58 మాత్రమే మీకు దక్కుతాయి. మీ జీతం 60,000 నుంచి 95,000 దాటితే గానీ ఆ 1,730 రాదు. ఆమె చిన్న ఉద్యోగం మీ పెద్ద ప్రమోషన్‌తో సమానం. ఆమె బ్యాంకు అనుభవానికి 25,000 కంటే మంచిదే దొరకవచ్చు. మొదటి ఏడాదే దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఆమె పనిచేస్తే పాప సంగతి ఏమిటి? ఇక్కడ పాప పుట్టిన నెల మీకు కలిసొచ్చింది. ఇంగ్లండ్‌లో ఆగస్టు 31 లోపు నాలుగేళ్లు నిండిన పిల్లలు ఆ సెప్టెంబరులోనే బడిలో రిసెప్షన్ అనే తొలి తరగతికి వెళ్లొచ్చు. ప్రభుత్వ బడిలో ఫీజు లేదు, వీసా మీద వచ్చిన పిల్లలకూ అంతే. లండన్ ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో మధ్యాహ్న భోజనం కూడా ఉచితమే. పాప సెప్టెంబరులో పుట్టి ఉంటే ఇంకో ఏడాది నర్సరీకి పంపాల్సి వచ్చేది. లండన్‌లో ఫుల్‌టైమ్ నర్సరీ అంటే నెలకు వెయ్యి పౌండ్ల మాట. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు వారానికి 30 గంటలు ఉచితమని మీరు చదివే ఉంటారు. తల్లిదండ్రులిద్దరికీ ‘ప్రభుత్వ సాయానికి అర్హత లేదు’ అన్న షరతుతో వీసా ఉంటే అది వర్తించదు. మీ ఇద్దరిదీ అలాంటి వీసానే అవుతుంది. మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ ఇచ్చే 15 గంటలు మాత్రం మీకూ ఉంటాయి. అవీ బడి నడిచే వారాల్లోనే.

బడి మధ్యాహ్నం మూడు, మూడుంపావుకే అయిపోతుంది. ఏడాదికి పదమూడు వారాలు సెలవులు. మన దగ్గరైతే అమ్మమ్మో నానమ్మో వచ్చి ఉంటారు. అక్కడ బడి అయ్యాక క్లబ్బులకు, సెలవుల్లో క్యాంపులకు డబ్బు కట్టాలి. నెలకు 400 వేసుకోండి. ఆమె ప్రయాణానికి ఇంకో వంద. అవన్నీ పోయినా, ముందు మిగిలిన వందతో కలిపి నెలకు 1,330 మిగులుతుంది. రూపాయల్లో లక్షన్నర. మీరనుకున్న రెండు లక్షలు కాదు గానీ, ఇక్కడ మిగిలే 70,000కు రెట్టింపు. అప్పుడు లండన్ ఆలోచించదగ్గదే.

కాబట్టి నా సలహా ఇది. జూన్‌లో మీరొక్కరే వెళ్లండి. మీ భార్య ఇప్పుడే రాజీనామా ఇవ్వొద్దు. చాలా కంపెనీల్లో మూడు నుంచి ఆరు నెలలు ప్రొబేషన్ ఉంటుంది, అది గడవనివ్వండి. ఈలోగా మీ చేతిలో పేస్లిప్‌లు, అక్కడి బ్యాంకు ఖాతాలో కదలికలు ఉంటాయి. ఇల్లు వెతకడం తేలికవుతుంది. ఏ బరోలో ఏ బడి బాగుందో, ఆఫీసుకు ఎంతసేపు పడుతుందో కాళ్లతో తిరిగి తెలుసుకుంటారు. నెలకు లక్షా డెబ్బై వేల చొప్పున ఆరు నెలల్లో మిగిలేదాంతో కుటుంబం వీసా, డిపాజిట్ ఖర్చులు వెళ్లిపోతాయి. డిపెండెంట్లు తర్వాత దరఖాస్తు చేసుకుంటే వాళ్ల సర్‌చార్జి కూడా మిగిలిన కాలానికే కడతారు, నష్టమేమీ లేదు. పాప సెప్టెంబరు బదులు జనవరిలో చేరినా ఫర్వాలేదు. బడి తప్పనిసరి అయ్యేది అయిదేళ్లు నిండాకే. మధ్యలో వచ్చినవాళ్లు కౌన్సిల్‌కు దరఖాస్తు పెడితే ఖాళీ ఉన్న బడిలో సీటిస్తారు. అది మీ ఇంటి పక్కదే అవ్వాలని లేదు.

ఆరు నెలలు నాలుగేళ్ల పిల్లకు దూరంగా ఉండటం ఎంత కష్టమో ఈ అంకెల్లో లేదు. అది భరించలేమని మీ ఇద్దరూ అనుకుంటే ముగ్గురూ కలిసే వెళ్లండి. కాకపోతే మొదటి ఏడాది పైసా మిగలదని, పైగా ఇక్కడి పొదుపు కరుగుతుందని ఒప్పుకుని వెళ్లండి. వీసాలు 10,800, డిపాజిట్, మొదటి నెల అద్దె 3,450, టికెట్లు, ఇల్లు దొరికేదాకా ఉండటానికి ఖర్చు… మొత్తం 17,000 పౌండ్లు, అంటే దాదాపు ఇరవై లక్షల రూపాయలు ముందే కావాలి. అంత మీ దగ్గర ఉందో లేదో మీరు రాయలేదు. దాని కోసం పర్సనల్ లోన్ తీసుకోవాల్సి వస్తే మాత్రం కలిసి వెళ్లొద్దు.

ఎలా వెళ్లినా ఒక నిధి ముట్టుకోకుండా ఉంచుకోవాలి. మీ వీసా కంపెనీ స్పాన్సర్‌షిప్ మీద ఆధారపడింది. ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, లేదా వెనక్కి రావాలి. ఆ రెండు నెలలూ అద్దె, కౌన్సిల్ ట్యాక్స్ ఆగవు, ఇక్కడ ఈఎంఐ ఆగదు. కుటుంబంతో ఉంటే మూడు నెలల ఖర్చు, 8,000 పౌండ్లకు పైగా, ఎప్పుడూ ఖాతాలో ఉండాలి. వీసాకు మీ దగ్గర 1,270, భార్యకు 285, పాపకు 315 పౌండ్లు ఉన్నట్టు చూపిస్తే చాలన్నది ప్రభుత్వం నిబంధన. కంపెనీ పూచీ ఇస్తే అది కూడా చూపించక్కర్లేదు. ఆ అంకెలు చూసి లండన్‌లో అంతతో సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

సంతకం పెట్టే ముందు హెచ్‌ఆర్‌తో బేరం ఆడండి. జీతం పెంచమని మాత్రం కాదు. 5,000 పెంచినా మీకు దక్కేది ఏడాదికి 2,900. దానికంటే ముగ్గురి హెల్త్ సర్‌చార్జి, వీసా ఫీజులు మీరే కట్టండని అడగండి. చాలా కంపెనీలు ఉద్యోగి ఒక్కరిదే కడతామంటాయి, కుటుంబానిది అడిగితే గానీ కదలవు. రీలొకేషన్ కింద ఇచ్చే ఖర్చుల్లో, నిబంధనలకు లోబడి, 8,000 పౌండ్ల వరకు పన్ను పడదు కాబట్టి కంపెనీకీ అది ఇబ్బంది కాదు. మొదటి నెల ఉండటానికి చోటు చూపిస్తారా, ఇంటి ఏజెంటుకు లెటర్ ఇస్తారా, వారంలో ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలి అన్నవి కూడా రాతపూర్వకంగా తీసుకోండి. రెండు రోజులే రావాలంటే రెడింగ్ లాంటి బయటి ఊళ్లలో ఉండి అద్దె తగ్గించుకోవడం గురించి ఆలోచించవచ్చు, రైలు ఛార్జీలు చూసుకుని. వాళ్లు కట్టిన ఖర్చులను మీరు రెండేళ్లలోపు మానేస్తే తిరిగి వసూలు చేస్తామన్న క్లాజు కాంట్రాక్టులో ఉండే అవకాశం ఎక్కువ. ప్రొబేషన్‌లో వాళ్లే తీసేస్తే కూడా మీరే కట్టాలా అన్నది అందులో స్పష్టంగా ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.